సీదీ యూసుఫ్‌ను చూడడానికి అనంతగిరి దాకా

పోయిన నెల ఒక సినిమా పత్రికలో నాలుగు వాక్యాల వార్త చదివాను. బొంబాయి చిత్రాలలో అడవి మనుషుల వేషాలు వేసే యూసుఫ్ అనే నటుడు గొంతు క్షయతో అనంతగిరి కొండమీది దవాఖానలో ఉన్నాడట. అదే సంచికలో ఒక విమర్శకుడు నటనాకళ మీద ఆరు పేజీలు రాశాడు. ఆయన ఉదాహరించిన గ్రంథాలన్నీ నేనూ చదివాను. వాటిలో సగం ఆయనకు అర్థం కాలేదని చెప్పగలను. ఆ ఆరు పేజీలలో యూసుఫ్ పేరు లేదు. పదిహేడేళ్లుగా పోస్టర్ల మీద కూడా అతడు 'తదితరులు' అన్న మాటలోనే బతికాడు. మరునాడే బయలుదేరాను.

యూసుఫ్ సీదీ, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల వంశం. అతడి తాత తూర్పు ఆఫ్రికా తీరం నుంచి ఓడెక్కి వచ్చి నిజాం గుర్రపు దళమైన ఆఫ్రికన్ రిసాలాలో రౌతుగా చేరాడని వాళ్లింట్లో చెప్పుకునేవారు. యూసుఫ్ కూడా అదే రిసాలాలో గుర్రమెక్కాడు. పోలీసు చర్య తర్వాత రిసాలాను రద్దు చేస్తే, తల్లి ఊరు బషీరాబాద్‌కు వచ్చి, తాండూరులో బండల గోదాములో కూలికి కుదిరాడు. నేనప్పుడు తాండూరు బడిలో ఉపాధ్యాయుణ్ణి. అక్కడి నాటక సమాజం కోసం రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు కథ రాశాను. రిహార్సలు జరిగే గది కిటికీ బయట నిలబడి యూసుఫ్ రాజు మాటలన్నీ కంఠతా పట్టాడు. ఒకనాడు లోపలికి వచ్చి మొత్తం అప్పజెప్పాడు. అతడికి రాజు కలలో వచ్చే రాక్షసుడి వేషం ఇచ్చాం. మాటలు లేవు, అరుపులే. స్టూడియో నేలకు తాండూరు బండలు కొనడానికి వచ్చిన బొంబాయి మనిషి ఒకడు ఆ అరుపు విని అతణ్ణి వెంట తీసుకుపోయాడు.

అక్కడా అరుపులే. కానీ ఎనిమిదేళ్ల కిందట తాండూరు టూరింగ్ టాకీసులో అతడి బొమ్మ ఒకటి చూశాను. బాణం తగిలి అడవి నాయకుడు చనిపోయే ఘట్టం. 'మీ భాషలో ఏదో ఒకటి అను' అని డైరెక్టరు చెప్పి ఉంటాడు. అట్టతో చేసిన చెట్టు కింద పడి యూసుఫ్ తన భాషలోనే, అంటే మన తెలుగులో, అన్నాడు: "నా గుర్రాన్ని కట్టెయ్యకండి. యుద్ధం నాది, దానిది కాదు." తెరమీద గుర్రమే లేదు. అది నేను రాసిన రాజు మాట. డేరాలో ఒక్కరూ నవ్వలేదు. నేను రాజు వేషం కట్టించిన మనిషి ఆ మాటను ఏనాడూ అలా అనలేకపోయాడు. మరునాడు మళ్లీ విందామని వెళితే డేరా ఎత్తేశారు. ఆ బొమ్మ ఇంకెక్కడా దొరకలేదు. ఆ గొంతు మరొక్కసారి వినాలి, అతడికి ఆ రాజు వేషం ఇప్పించాలి. నా ప్రయాణానికి కారణం ఇంతే.

నాంపల్లిలో ఉదయం ఆరున్నరకు వాడి జంక్షను పోయే పాసింజరు ఎక్కితే పదింటికి తాండూరు. మూడో తరగతి టికెట్టు మూడు రూపాయల లోపే. వికారాబాద్ దాటాక కిటికీ పక్కన కూర్చోండి. ముళ్లకంచెలకు బదులు నిలువుగా పాతిన బండలు పొలాల చుట్టూ వరుస కట్టి కనిపిస్తాయి. వాటిని చూస్తూ బసప్ప సేఠ్‌తో ఆడవలసిన మాటలు నెమరు వేసుకున్నాను. బండల వ్యాపారి, నాటక సమాజానికి ఆనాటి అధ్యక్షుడు. యూసుఫ్‌కు రాజు వేషం దక్కనివ్వనిది ఇతడేనని ఇన్నేళ్లూ కనబడిన వాళ్లందరికీ చెబుతూ వచ్చాను.

"రా సార్, రా! ఇంకా బతికే ఉన్నవా?" అని అరుగు మీంచే కేకేశాడు సేఠ్.

"నిన్ను దులపకుండా ఎలా పోతాను?" అన్నాను.

నాటకం మళ్లీ ఆడిద్దాం, రాజు యూసుఫ్ అని చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. అక్కడితో ఊరుకోవలసింది. "ఈ బుద్ధి ఆనాడే ఉంటే బాగుండేది. నల్లటివాడు రాజేమిటని అడ్డుపడ్డావు కదా" అన్నాను.

సేఠ్ సాసరు కింద పెట్టాడు. "నేనా? సార్, జర యాది చేసుకో. మస్తు చెప్తుండు, వేషం గాయనకే ఇయ్యి అన్నది నేను. గా మొఖంల నా రాజు కనవడడు సేఠ్ అన్నది నువ్వు."

లోపలి నుంచి ఆయన భార్య అందుకుంది. "గిన్నేండ్ల సంది మా మీదనే పెడుతున్నవా సార్? చాయ్ తాగు, సల్లగైతది."

చాయ్ తాగలేకపోయాను. ఆ మాట అన్న గది, అన్నప్పుడు నా చేతిలో ఉన్న కాగితాలు, అన్నీ గుర్తొచ్చాయి.

ఒంటిగంట పాసింజరులో వెనక్కి వస్తే రెండుంబావుకు వికారాబాద్. స్టేషను బయట జట్కాలుంటాయి, కొండకు రూపాయి. ఎత్తు మొదలైన చోట జట్కావాలా నన్ను దింపేశాడు.

"జర నడువుండ్రి సాబ్, గుర్రం పరేషాన్ అయితది. కొండ మీద ఎవరున్నరు?"

"సీదీ యూసుఫ్ అని, యాక్టరు."

"ఆయనా! మొన్న నా గుర్రం నోరు తెరిచి పండ్లు చూసిండు. ఎనిమిదేండ్లని నేనంటే పదకొండని చేతి యేళ్లు చూపిచ్చిండు. అబద్ధం గూడ ఆడనియ్యడు సాబ్!"

వేళ్లు ఎందుకు చూపించాడో వార్డు చేరాక తెలిసింది. ఆయా వాకిట్లోనే ఆపింది. "ఆయన మాట్లాడొద్దు సార్. గొంతు మానేదాక నోరు తెరవొద్దన్నడు డాక్టర్ సాబ్. నిన్న తుమ్మితే గూడ నేను తిట్టిన." గొంతు క్షయకు అక్కడ మౌనమే వైద్యం. ఆ వరండాలో పదిమంది, పది పలకలు.

యూసుఫ్ సగమయ్యాడు. నన్ను చూసి లేచి రౌతులా సలాం చేశాడు. పలక మీద రాశాడు. అక్షరాలు ఉర్దూవి, మాటలు తాండూరువి: "సార్ ముసలోడయిండు."

నాటకం సంగతి చెప్పాను. సేఠ్ ఒప్పుకున్నాడని, రాజు నువ్వేనని చెప్పాను. బలపం అందుకుని రాశాడు: "ఆనాడు ఎందుకియ్యలే?"

బసప్ప పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పదిహేడేళ్ల అలవాటు. "సేఠ్ ఇమ్మన్నాడు. నేనే వద్దన్నాను. నా రాజు నీ మొహంలో కనిపించడనుకున్నాను" అన్నాను.

చొక్కా చేతితో పలక తుడిచి రాశాడు: "ఎరుకే. నీ నోట వినాలని ఉండె."

గంట కొట్టారు. ఆయా లేవమంది. నేను లేవలేదు. యూసుఫ్ మళ్లీ రాసి పలక నా ఒళ్లో పెట్టాడు: "మల్ల రా. గొంతొస్తే ముందుగాల నిన్ను తిడత. రాజు సంగతి ఎనక."

యాభై ఏళ్లుగా ఇతరుల తప్పులు పట్టి రాస్తూ వచ్చాను. చాలా వరకు సరిగ్గానే పట్టాను, అందుకు ఎవరికీ క్షమాపణ చెప్పను. కానీ ఇంత పుస్తకాల పిచ్చివాణ్ణి, నన్ను ఒక మనిషి తిట్టే రోజు కోసం ఇలా ఎదురుచూస్తానని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఏం తిడతాడో, ఎంతసేపు తిడతాడో, ఆ గొంతు తెరమీద విన్నట్టే ఉంటుందో లేదో. అతడికి గొంతు రావాలి. అప్పటిదాకా నా చెవులు పనిచేయాలి.

మీరు వెళ్లదలిస్తే, రోగులను చూడనిచ్చేది నాలుగు నుంచి ఐదున్నర దాకా. పైన జట్కాలు దొరకవు కనుక రానుపోనూ కిందనే మాట్లాడుకోండి. మౌనం వార్డులో మీవాళ్లెవరైనా ఉంటే నాలుగు బలపాలు వెంట తీసుకెళ్లండి. అక్కడ తొందరగా అరిగిపోతాయి.