లేచి నిలబడిన పెద్దాయన

జర్మనీలోని కెమ్నిట్జ్ స్టేషన్ వెయిటింగ్ రూంలోకి నేను అడుగు పెట్టగానే, నడినెత్తిన చిన్న టోపీ పెట్టుకున్న ఒక యూదు పెద్దాయన కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. మా దివాణం చేజారి ఒక తరం గడిచింది. తాతగారు వస్తుంటే వీధి వీధంతా లేచేదని వినడమే తప్ప, నాకోసం ఎవరూ లేవలేదు. వంశం ముఖంలో కనబడుతుంది కాబోలు అనుకున్నాను. తాతగారిలా తల కొద్దిగా ఆడించి, నిటారుగా కూర్చున్నాను.

కాసేపటికి బీరు వాసనతో ఒకతను తూలుతూ వచ్చాడు. పెద్దాయన మళ్ళీ లేచాడు.

"కూర్చో తాతా, నేను టికెట్ చెకర్ని కాదులే," అని అతను నవ్వాడు.

"అతను మీకు తెలుసా?" అని పెద్దాయనను అడిగాను.

"తెలీదు. ప్రతి మనిషిలోనూ దేవుడు ఊదిన ఆత్మ ఉంటుందని మా నమ్మకం. అది నా కళ్ళకు కనబడదు. అందుకే ఎవరొచ్చినా లేస్తాను."

"నాకూ అందుకేనా?"

"మీకూ అందుకే. ఇంకెందుకనుకున్నారు?"

రైలు రాగానే ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ ఏ గదిలో తలుపు తెరుచుకున్నా నా చూపు ముందు నా మోకాళ్ళ మీదికే పోతుంది. లేవడానికి అవి ఇంతవరకూ కదల్లేదు.