వేయోకి దక్కిన పై బల్ల

ఆ సరస్సు పక్క ఊళ్ళో శనివారం సాయంత్రం సౌనాకి, అంటే ఆవిరిస్నానానికి, పోని మగాడంటే మంచం పట్టినవాడన్నా అయి ఉండాలి, చచ్చినవాడన్నా అయి ఉండాలి. తాతలు, తండ్రులు, పిల్లలు ఒంటిమీద నూలుపోగు లేకుండా ఒకే ఆవిరిగదిలో కూర్చుంటారు. ఒకరినొకరు చూసుకోరు. చూసినా పైకి అనరు. ఆ పాడు మర్యాదే వడ్రంగి వేయో కొంప ముంచింది.

చిన్నప్పుడు తోటి పిల్లలంతా వేడి తక్కువుండే కింది బల్ల మీద కూర్చుంటే, తండ్రి ఓయివా మాత్రం వేయోని రెక్క పట్టుకుని పై బల్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. చెవులు కాలిపోతున్నా వేయో కిక్కురుమనేవాడు కాదు. నాన్న తనని మగాళ్ళలో లెక్కేశాడని గర్వం. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆ మాట చెప్పేటప్పుడు అతని ఛాతీ ఉబ్బేది.

ఇర్యాని చేసుకున్నాక సొంతంగా సౌనా కట్టాడు. పుట్టబోయేవాళ్ళ కోసం కింద ఒక చిట్టి బల్ల కూడా చేశాడు. దాని మీద కూర్చునేవాళ్ళు మాత్రం రాలేదు. ఊరంతా ఇర్యా వంకే చూసింది. చివరికి ఆవిడే మొగుణ్ణి పట్టణంలో ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"వృషణాలు తయారయ్యేది బిడ్డ పొట్టలోనండీ. పుట్టే వేళకి కింద సంచిలోకి దిగాలి. మీవి రెండూ దిగలేదు."

"మరి గడ్డం వచ్చింది, గొంతు మారింది. మా ఇద్దరి మధ్యా ఏ లోటూ లేదు," అన్నాడు వేయో నేల చూస్తూ.

"దానికి కావాల్సిన హార్మోను లోపలున్నా తయారవుతుంది. వీర్యకణాలు అలా కాదు, వాటికి ఒంటి వేడి పడదు. సంచి బయట వేలాడేది అందుకే. పసితనంలోనే ఆపరేషన్ చేసి దింపి ఉంటే ఆశ ఉండేది. ఇప్పుడు ఒక్క కణం కూడా లేదు. ఇంట్లో ఎవరూ చూళ్ళేదా?"

ఇంట్లో ఏమిటి, ఊళ్ళో మగాళ్ళంతా చూసే ఉంటారు. వయసొచ్చిన ప్రతి కుర్రాడికీ తప్పని సైన్యం పరీక్షలో మాత్రం, వేయోది వంకర కాలని చూసి బట్టలిప్పించకుండానే పంపేశారు. వచ్చేటప్పుడు బస్సులో ఇర్యా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది.

ఆ శనివారం వేయో కట్టిన సౌనాలో తండ్రీ కొడుకులిద్దరే పై బల్ల మీద కూర్చున్నారు.

"నాన్నా, నీకు తెలుసా?"

ఓయివా పొయ్యి మీద కాలుతున్న రాళ్ళ మీద నీళ్ళు చల్లాడు. బుస్సుమని ఆవిరి లేచింది.

"తెలుసురా. డాక్టరుకి చూపిద్దామని మీ అమ్మ పోరింది. నేనే వద్దన్నా. సరస్సులో దిగితే చలికి పైకెక్కుతాయి, వెచ్చబడితే జారతాయి, ఏ మగాడికైనా తెలిసిందేగా. వేడి గట్టిగా తగిలితే ఇవీ దిగకపోతాయా అనుకున్నా. అందుకే నిన్ను..."

"పై బల్ల మీద కూర్చోబెట్టావు."

ముసలాయన తలూపాడు.

వేయో బల్ల దిగాడు. కోపం వచ్చి ఉంటే బాగుండేది, రాలేదు. ఇన్నేళ్ళూ దాచుకున్న ఒక్క గర్వమూ పోయింది. కింద చిట్టి బల్ల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఓయివా గోడ పట్టుకుని మెల్లగా దిగొచ్చాడు. సబ్బు తీసుకుని కొడుకు వీపు రుద్దడం మొదలుపెట్టాడు. వేయో వద్దనలేదు.