మిగిలిన ఒక్క సాకెట్

మా మావ నా ల్యాప్‌టాప్‌కి గ్రీజు రాశాడు. పడవ ఇంజిన్‌కి రాసే గ్రీజు. ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఆపేస్తారు.

నేను నెల్లిమర్ల పిల్లని. మా అమ్మది ఈ తీరమే కాబట్టి కళింగపట్నం సంబంధం కుదిరింది. వచ్చేటప్పుడు నా వెంట ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. దాని మీద తెలుగు టైపు చేసి శ్రీకాకుళంలో ఒక ప్రెస్సుకి ఇచ్చేదాన్ని. మావా, మా ఆయనా వేటకి వెళతారు. అత్త చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు, కోడలు తట్ట అందుకుంటుందని ఆశ. చేపలు అమ్మడం నాకు నామోషీ కాదు, చేతకాదు అంతే. ఎవరైనా మొహం దీనంగా పెట్టి బేరమాడితే ఇచ్చేస్తాను. ఒకసారి సంతకి తీసుకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు దారంతా అత్త చిల్లర లెక్కపెడుతూనే ఉంది.

సముద్రం పక్క ఇల్లు. కిటికీ ఊచలే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతాయి. ఇక ల్యాప్‌టాప్ గురించి చెప్పేదేముంది! ఉన్నట్టుండి తెర నల్లబడిపోయేది, లోపలి నుంచి పీక్ పీక్‌మని కూత. ర్యామ్ అనే మెమరీ కార్డు తన సాకెట్‌కి సరిగా అంటుకోవడం లేదని దాని అర్థం. నేను వెనక మూత విప్పి, కార్డు తీసి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టేదాన్ని. పనిచేసేది. కొన్నాళ్లకి మళ్లీ కూత. ఇదంతా మావ అరుగు మీద నుంచి చూస్తూ ఉండేవాడు.

నేను పుట్టింటికి వెళ్లినప్పుడు ఆయనకి నాకో మేలు చెయ్యాలనిపించింది. తిరిగొచ్చి మూత తీసి చూస్తే, కార్డు పెట్టే రెండు సాకెట్లలో ఒకదాని నిండా గ్రీజు, ఆ గ్రీజులో ఇసుక.

"ఏటి సేసినావు మావా ఇది?"

"గిరీజు రాస్తే ఇంజినికి ఉప్పు పట్టదు గదేటమ్మా. దీనికీ అంతే అనుకున్నాను. రెండోదానికి కూడా రాద్దును గానీ, డబ్బా అయిపోనాది."

డబ్బా అయిపోవడమే నా అదృష్టం. కోపంతో ఆ పూట అన్నం మానేశాను. ఎవరూ బతిమాలలేదు. అత్త మాత్రం ఉన్నమాట అనేసింది. "సముద్రం కాడ ఇనుమే బతకదు. ఈ డబ్బా ఏటి బతుకుతాది? రేపట్నించి నాతోటి రా."

శ్రీకాకుళం రిపేరు షాపులో గ్రీజంతా శుభ్రం చేశారు గానీ, మావ గుడ్డతో గట్టిగా అదిమినందుకు ఆ సాకెట్‌లో పిన్నులు వంగిపోయాయి. అది ఇక పనికిరాదు. మిగిలింది రెండోది ఒక్కటే. "ఇదీ పోతే బోర్డు మార్చాల. అంత పాతదానికి బోర్డు దొరకదు. మాటిమాటికీ కార్డు తియ్యకండి, తీసి పెట్టినకొద్దీ క్లిప్పులు వదులైపోతాయి," అన్నాడు షాపతను. అంటే నేను చేస్తూ వచ్చిన వైద్యం కూడా జబ్బేనన్నమాట.

సరిగ్గా అప్పుడే ప్రెస్సువాళ్లు ఒక సంగతి చెప్పారు. ఇంటి దగ్గర నుంచే టైపు చేసే నెలజీతం పని ఉంది. పరీక్ష సొంత కంప్యూటర్ మీదే రాయాలి. మధ్యలో ఆగిపోతే మళ్లీ అవకాశం ఇవ్వరు.

"పరీక్ష అయ్యేదాకా ఆగత్తా. మధ్యలో ఇది ఆగిపోతే తట్ట నేనే ఎత్తుకుంటాను," అన్నాను.

"మాట మీద నిలబడతావేటి?"

"నిలబడతాను."

అప్పటి నుంచి ల్యాప్‌టాప్‌ని బాలింతని చూసుకున్నట్టు చూసుకున్నాను. బల్లని సముద్రం వైపు కిటికీ దగ్గర నుంచి లోపలి గోడకి జరిపాను. ఒక మూల పట్టుకుని ఎత్తడం మానేశాను. అలా ఎత్తితే లోపల బోర్డు వంగి, సాకెట్ కదులుతుంది. పూర్తిగా ఆపాకే, రెండు చేతులతో ఎత్తేదాన్ని. వేడెక్కుతుందని పరుపు మీద పెట్టలేదు. పని అయ్యాక చల్లారనిచ్చి, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచేదాన్ని. కొత్త చెప్పుల అట్టపెట్టెల్లో తేమ పీల్చే చిన్న పొట్లాలు వస్తాయే, వాటికోసం వీధి వీధంతా అడుక్కుని ఆ డబ్బాలో వేశాను. బండి మీద వెళితే గతుకులకి అదరకుండా పాత చీర మడతలో చుట్టి ఒళ్లో పెట్టుకునేదాన్ని. కూత రానంతవరకూ వెనక మూత ముట్టుకోలేదు. చెయ్యి ఎంత దురద పెట్టినా ముట్టుకోలేదు.

మావ కొన్నాళ్లు దూరదూరంగా తిరిగి, ఆఖరికి గుమ్మంలో నిలబడి అన్నాడు. "పని ఉన్నా లేకపోయినా రోజూ ఓపాలి నడుపమ్మా. ఇంజిను నిలబెట్టేస్తే సచ్చిపోతాది." ఈసారి ఆయన మాట నిజమే. నడిచే వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. ఆ రోజు నుంచి మళ్లీ మావతో మాట్లాడాను.

పరీక్ష రోజు ముసురు పట్టింది. వేట లేదు. మావ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, వచ్చినవాళ్లందరినీ "లోపలికి ఎల్లకండి, ఇంజిను నడస్తన్నాది" అని తిప్పి పంపుతున్నాడు. సగం పరీక్ష అయ్యేసరికి వాన జోరందుకుంది. చూరు కింద పెట్టిన ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని అత్త పరుగెత్తుకొచ్చింది. ఆమెని ఆపడం మావ వల్ల ఎప్పుడైంది గనక! తడి కాలు జారి అత్త కూలబడింది, తట్ట వచ్చి బల్లకి కొట్టుకుంది. బల్ల అదిరి, ల్యాప్‌టాప్ జానెడు జరిగింది.

ఇదివరకైతే ఆ దెబ్బకి తెర నల్లబడిపోయేది. కూత కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

"ఆగిపోనాదేటే?" అంది అత్త, నేల మీద నుంచే.

"నేదత్తా! నడస్తన్నాది!" అని అరిచి మళ్లీ టైపులో పడ్డాను. కాళ్ల కింద చేపలు, ఇల్లంతా వాటి వాసన. పరీక్ష ఆఖరి అక్షరం దాకా రాసి లేచాను.

పనికి ఎంపికయ్యానని ఫోన్ వచ్చినప్పుడు వీధిలోకి వెళ్లి కేక పెట్టాను. నా సంతోషం, నేనెందుకు ఆపుకోవాలి? అత్త తట్ట సర్దుకుంటూ, "నా తట్ట నాను మోసుకుంతాను. నీ డబ్బా నువ్వు సూసుకో," అంది. కానీ నేను మొయ్యనివ్వలేదు. ఇప్పుడు అత్త సంతకి ఆటోలో వెళుతుంది. ఆ ఆటో ఖర్చు నా డబ్బాదే.

మొన్న పక్కింటాయన తన పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు, పీక్ పీక్‌మంటోందని. నాకంటే ముందు మావ లేచి వెళ్లాడు, పెద్ద డాక్టరులాగా.

"ముందు ఇది సెప్పు. గిరీజు గానీ రాసినావేటి?"

"గిరీజా? దీనికి గిరీజు ఎవుడు రాస్తాడు మావా?"

మావ నా వైపు చూడకుండా సముద్రం వైపు తిరిగాడు. నాకు నవ్వు ముంచుకొచ్చింది.

"ఎవరూ రాయరులే. ఇలా ఇవ్వు, చూస్తాను," అన్నాను.