లాగేవాళ్ళు లేని రీలు

సముద్రపు ఉప్పు వదిలించడానికి చేపలు పట్టే రీలును రాత్రంతా మా బోరు నీళ్ళలో నానబెట్టిన మనిషిని నేను. మదనపల్లెలో మా వీధివాళ్ళకు ఇంతకు మించి చెప్పాల్సిన పని లేదు. ఆ నీళ్ళకు బకెట్టు అంచు తెల్లగా గారకడుతుంది, పప్పు ఉడకదు. మస్కట్‌లో వంటపని చేసి వచ్చినవాణ్ణి, నీళ్ళ సంగతి నాకు తెలిసుండాల. కానీ సముద్రం కానివన్నీ మంచినీళ్ళే అనుకున్నాను.

ఆ రీలు మస్కట్‌లో నా గదిలో ఉండిన మలయాళీ మిత్రుడిది. శుక్రవారాలు ఇద్దరం పడవెక్కి లోతు నీళ్ళలోకి పోయేవాళ్ళం. చేప ఆకారంలో ఉండే సీసపు దిమ్మను సముద్రం అడుగుదాకా దించి, ఎగరేస్తా ఎగరేస్తా పైకి చుట్టుకోవాల. దాన్ని జిగ్గింగ్ అంటారు. అందులో నేను చేపను పట్టుకున్నదానికంటే పడవ అంచును పట్టుకున్నదే ఎక్కువ. నేను పని మానుకొని ఊరికి వచ్చేటప్పుడు ఆయన రీలును నా పెట్టెలో పెట్టి, మా ఇద్దరికీ సరిగా రాని హిందీలో చెప్పినాడు: "ఇది బిగుసుకుపోకుండా చూసుకో. నేనూ వచ్చేస్తా. వానలు వెలిసినాక మంగళూరు నుంచి ఇద్దరం పోదాం."

ఆ మాట కోసమే ఈ రీలు తిరగాల. నాకు వేరే లెక్కేమీ లేదు.

మా ఊర్లో రీలంటే పట్టుగూళ్ళ నుంచి దారం తీసేది, కాకుంటే ఫోన్లో చూసేది. నాది మూడో రకం. దీన్ని చూసేవాళ్ళు లేరు.

బోరు నీళ్ళ స్నానం తర్వాత పిడి తిప్పితే రాగులు విసిరినట్టు చప్పుడు. పుంగనూరులో కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబన్న దగ్గరికి తీసుకపోయినాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"యాడిదప్పా ఇది?"

"సముద్రంలోదన్నా."

"మనకాడ సముద్రం యాడుండాది?"

"లేదు కాబట్టే నీకాడికి తెచ్చినా."

ఆయన దాన్ని విప్పి, పంపుసెట్టు బేరింగులకు పూసే గ్రీజు వేలితో తీసి కూరడం మొదలుపెట్టినాడు. ఎక్కువవుతాదేమోనన్నా అంటే, "పెండ్లిలో నెయ్యి ఎక్కువైందని ఎవురన్నా అంటారా?" అన్నాడు. ఇంటికొచ్చి తిప్పితే సల్లారిన సంగటి కెలికినట్టుండాది.

అప్పట్నుంచి ఆదివారాలు నేనే కూర్చున్నాను. పైగదిలో పేపరు పరిచి, విప్పిన ముక్కల్ని విప్పిన వరసలో పేర్చి, పెట్రోలుతో తుడిచి, తాగేదానికి కొన్న క్యాను నీళ్ళతో కడిగి ఆరబెట్టేవాణ్ణి. బేరింగుకు ఒక్క చుక్క నూనె. అన్నిటికంటే తంటా డ్రాగుతో. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగకుండా మెల్లగా జారవిడిచే బిళ్ళలు అవి. వాటికి పల్చగా, వాటికని అమ్మే గ్రీజే పూయాల. పట్టు ఉండాల, విడుపూ ఉండాల. పట్టుకు పేరుపడిన ఊర్లో ఉంటూ విడుపు నేర్చుకునేదానికి నాకు చాలా ఆదివారాలు పట్టింది. ఒకసారి చిన్న స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోయింది. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో మంచం. వెతికేదానికి మూడో చెయ్యి లేదు.

సర్వీసు చేసినప్పుడల్లా ఫొటో తీసి మిత్రుడికి పంపేవాణ్ణి. మొదట్లో బొటనవేలి బొమ్మ వచ్చేది. తర్వాత రెండు టిక్కులు. ఈ మధ్య ఒక్క టిక్కే.

అయినా ఒక సంగతి తేలలేదు. డ్రాగు ఎగుడుదిగుడు లేకుండా జారతాండాదా లేదా అన్నది ఒంటి మనిషి చూసుకోలేడు. ఒకరు రీలు పట్టుకోవాల, ఇంకొకరు దారం లాక్కుంటూ పోవాల. దారాన్ని తలుపు గొళ్ళేనికి కట్టి నేనే వెనక్కి నడిచినాను. పట్టుకునేదీ నేనే, పోయేదీ నేనే. దాంతో ఏమీ తెలియలేదు.

కుప్పంలో మా అక్క ఇల్లు. ఒక ఆదివారం రీలు సంచిలో పెట్టుకొని బస్సెక్కినాను. మా బావను అడిగినాను, ఈ దారం కొస పట్టుకొని వీధి చివరిదాకా నడువు బావా అని.

"నేనేమన్నా చేపనా?" అన్నాడు బావ. "పెండ్లామూ లేదు, సముద్రమూ లేదు. ఈ రీలు యాలప్పా నీకు? అమ్మి ఒక కుక్కను కొనుక్కో. అదైతే నువ్వు పిలిస్తే వస్తాది."

లోపల అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వినాను. నవ్వకుంటే ఇంకా బాగుండదు.

కాసేపటికి అక్క ఆయన్ను కొత్తిమీరకు పంపింది. బావ అరుగు మీద సంచి పెట్టి, వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ సంచి పట్టీకి దారం కొస ముడేసినాను. నూలుపోగంత సన్నం, మట్టి రంగు, పక్కనున్నా కనబడదు. రీలు నా ఒడిలో, తువాలు కింద.

బావ సంచి భుజానికి తగిలించుకొని నడిచినాడు. దారం జారింది. ఒక్క కుదుపు లేదు, ఒక్క చప్పుడు లేదు. ఎదురింటాయనను పలకరించినాడు, మెడ గోక్కున్నాడు, తన వెనక ఒక దారం వస్తాండాదని ఆయనకు తెలియనే లేదు. డ్రాగు సరిగ్గా కుదిరింది. వీడియో తీసి పంపుదామనిపించింది. ఫోను పట్టుకునేవాళ్ళు లేరు.

బావ మలుపు దగ్గరికి పోయినాక రీలు పక్కనుండే, డ్రాగు పట్టు బిగించే లీవరును కొంచెం ముందుకు తోసినాను. ఆయన నడక నెమ్మదించింది. సంచి సర్దుకున్నాడు. ఇంకొంచెం తోసినాను. నిలబడి, వెనక్కి తిరిగినాడు.

"ఎవురో ఎనక నుంచి లాగినట్టుండాదే," అని అరిచినాడు ఆడ్నుంచే.

"లాగేదానికి ఈడెవురుండారు బావా? నేనొక్కన్నే కదా," అని పిడి తిప్పడం మొదలుపెట్టినాను.

రాగులు విసిరిన చప్పుడు రాలేదు. బావ రెండడుగులు నా వైపు వచ్చినాడు.