'రేవులో సాష్టాంగం' అబద్ధం

నిజం చెబుతున్న మనిషిని "రుజువేదీ?" అని అడిగి మీరెప్పుడైనా నోరు మూయించారా?

నేను మూయించాను. అతను చెబుతున్నది నిజమని ఆ గదిలో అతను కాక నాకొక్కడికే తెలుసు. తెలిసే అడిగాను. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తున్నాను. సభల్లో నన్ను నిర్భయుడని పరిచయం చేసిన ప్రతిసారీ అది ఇంకొంచెం బరువెక్కింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. కింద నా పేరు రాయను. నా ధైర్యం అంతవరకే.

రాజమండ్రిలో 'తుప్పు' అని ఒక పంక్ బ్యాండ్ ఉంది. మొదలుపెట్టిన నలుగురిలో ఇప్పుడు అందులో ఒక్కరూ లేరు. మాటలు నావి, గొంతూ నాదే. దాన్ని పాడడం అనలేం, అరిచేవాణ్ణి. బాబాల మీద, కులం మీద, వాస్తు మీద అరిచేవాణ్ణి. గిటారు వాసుది. వాళ్లది కిరాణా వ్యాపారం. వాళ్ల గోడౌన్లో బెల్లం బస్తాల మధ్య ప్రాక్టీసు చేసేవాళ్లం. డ్రమ్స్ నూకరాజు. ఉప్పాడలో చేపలవేట మీద బతికే కుటుంబం వాళ్లది. తండ్రి దగ్గర తాషా నేర్చుకున్నాడు, మెడకు తగిలించుకుని పుల్లలతో వాయించే తాషా. ఆ చేతులతోనే డ్రమ్స్ ముందు కూర్చుంటే గోడౌన్ రేకులు అదిరేవి.

నేనొక నియమం పెట్టాను. దేవుడి పేరుతో జరిగే ఏ కార్యక్రమంలోనూ బ్యాండు మనిషి కనిపించకూడదు. మొదటి బేస్ గిటారిస్టు పురోహితుణ్ణి పిలిచి పెళ్లి చేసుకున్నాడని తీసేశాను. తర్వాత వచ్చినవాడు వాళ్లమ్మ కట్టిన తాడు చేతికి ఉంచుకున్నాడు. తెంపమన్నాను, తెంపలేదు, అతన్నీ పంపేశాను. మనుషులు మారుతున్నకొద్దీ బ్యాండు శుభ్రపడుతోందనుకున్నాను. శుభ్రమా? మడి మీద పాటలు కట్టి అరిచిన నేను ఆ గోడౌన్లో నడిపింది మడి కాక మరేమిటి? ఈ ప్రశ్న అప్పుడే ఎందుకు వేసుకోలేదు? ఎదుటివాళ్లకు వెయ్యడంలో తీరిక లేకపోయింది.

ఒక వేసవి చివర తణుకులో వాయించి తిరిగొస్తున్నాం. రావులపాలెంలో వ్యాను ఆపాం. మిగతావాళ్లు టీకి దిగారు. నేనూ నూకరాజూ వ్యాను మెట్టు మీద కూర్చుని చక్కెరకేళీలు తింటున్నాం.

"మేష్టారూ, ఒకటడుగుతాను. లెక్చరివ్వకూడదు" అన్నాడు. నేనెవరికీ పాఠాలు చెప్పలేదు. ఎప్పుడూ ఉపన్యాసాలిస్తానని అతను పెట్టిన పేరు అది.

"అడుగు."

"వేట నిషేధం అయిపోతోందండి. మా ఊళ్లో పడవలు నీళ్లలోకి దిగే ముందు గంగమ్మ దగ్గర మా నాన్నే తాషా వాయిస్తాడు. ఈ ఏడు ఆయనకి చెయ్యి లేవట్లేదు. నన్ను వాయించమంటున్నాడు."

"గంగమ్మని నమ్ముతావేంట్రా నువ్వు?"

"నేను మా నాన్నని నమ్ముతానండి. ఆయన గంగమ్మని నమ్ముతాడు. వాళ్లిద్దరి గొడవ వాళ్లది, మధ్యలో నాకేంటి?"

నవ్వొచ్చింది. "సరే, వెళ్లి వాయించిరా. మీ నాన్న కోసం వెళ్తే తప్పేంటి?"

"తర్వాత మాట మార్చరు కదా?"

"నేనా?"

"అవున్లెండి, మీరు మారిస్తే మీ పాటలే మిమ్మల్ని తిడతాయి" అని ఇంకో పండు వలిచాడు.

వెళ్లాడు. వాయించాడు. ఎవరో వీడియో తీశారు. నుదుట కుంకుమ, మెడలో తాషా, వెనకాల హారతి, ముందు పడవలు. మమ్మల్ని ఎప్పటినుంచో తిడుతున్నవాళ్ల చేతికి అది దొరికింది. "హేతువాదుల డ్రమ్మర్ అమ్మవారి సేవలో" అని పంచుకుని నవ్వారు. నా ఫోన్ ఆగకుండా మోగింది. మా అభిమానులే జవాబు చెప్పమన్నారు.

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అతను నన్నడిగాడు, నేను వెళ్లమన్నాను. తండ్రి కోసం వాయించడం మూఢనమ్మకం కాదని వాదించి నిలబడవచ్చు. ఆ వాదన నాకు చేతకాక కాదు. కానీ అలా చెబితే తాడు తెంపనందుకు పంపేసినవాడికి, పెళ్లి చేసుకున్నందుకు పంపేసినవాడికి ఏమని చెప్పాలి? నా నియమం ముందు నేనే దోషినవుతాను. భయం అది. అదొక్కటేనా? కాదు. ఇంతదాకా వచ్చాక ఇది కూడా దాచను. జనం నా మాటల కంటే ముందు అతని దరువుకే లేచేవాళ్లు. నేను నోరు తెరవకముందే "రాజూ, రాజూ" అని కేకలు. అది నాకు గుచ్చుకునేది. అసూయకు సిద్ధాంతం తొడిగితే ఎంత గంభీరంగా కనిపిస్తుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గోడౌన్లో అందరినీ కూర్చోబెట్టాను. "ఎవర్నడిగి వెళ్లావు?" అన్నాను.

అతను ముందు నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు. "అదేంటి మేష్టారూ, మిమ్మల్నే కదండీ. రావులపాలెంలో, అరటిపళ్లు తింటూ."

"నేను గంగమ్మ జాతరకి వెళ్లమంటానా? ఎవరైనా నమ్ముతారా? రుజువేదీ?"

వాసు తల దించుకున్నాడు. మిగతావాళ్లు నా వైపు చూశారు, నమ్మకంగా. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోవద్దని వాళ్లకు నేర్పింది నేనే మరి.

నూకరాజు నా ముఖంలోకి చూశాడు. "తొక్కలు దాచుకోవాల్సిందండి, తప్పయిపోయింది" అన్నాడు. అందరూ పక్కున నవ్వారు. నేనూ నవ్వాను. అతను లేచి వెళ్లిపోయాడు.

అంతటితో ఆగి ఉంటే ఒట్టి పిరికితనం అనుకునేవాణ్ణి. ఆగలేదు. అతని మీద పాట రాశాను. 'రేవులో సాష్టాంగం'. ఊళ్లో నిప్పులు కక్కి రేవులో బోర్లా పడే డ్రమ్మర్ కథ. మా పాటలన్నిటిలో జనంలోకి వెళ్లింది అదొక్కటే. కాకినాడ కాలేజీల నుంచి భీమవరం హాస్టళ్ల దాకా అరిచారు. ఉప్పాడలోనూ ఫోన్లున్నాయి. చెయ్యి పడిపోయిన ఆ తండ్రి దాన్ని విన్నాడో లేదో నాకు తెలియదు. వినలేదని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మాలనుకున్నదాన్ని నమ్మడం ఎంత సులువో!

వాసు ఆ ఏడాదే మానేసి కొట్లో కూర్చున్నాడు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. డ్రమ్మర్లు వచ్చారు, పోయారు. ఒకడు ఉద్యోగానికి, ఒకడు పై చదువుకి, ఒకడు నా కోపం పడలేక. చివరికి నేనూ వదిలేసి వ్యాసాలు రాసుకుంటున్నాను. బ్యాండు పేరూ ఆ పాటా కొత్తవాళ్లకు దక్కాయి. వాళ్లకు నూకరాజు మనిషి కాదు, వెక్కిరించడానికి ఒక బొమ్మ.

ఈ మధ్య ఉప్పాడ వెళ్లాను. తీరం కోసుకుపోయి, వాళ్ల ఇల్లున్న చోట ఇప్పుడు సముద్రం ఉంది. అడిగి అడిగి కొత్త ఇల్లు పట్టుకున్నాను. అతని భార్య వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"వేటకెళ్లారండి, రేపొస్తారు. మీరు బ్యాండు తాలూకా అండీ?" అంది. నేను ఎండుచేపల వైపు చూశాను. "అయితే రాకండి బాబూ. ఆయన తాషా ముట్టుకోవడమే మానేశారు. మావయ్యగారు పోయినప్పుడు కూడా వాయించలేదు." ఇంకో చేప తిరగేసి, "ఎవరొచ్చారని చెప్పమంటారు?" అంది.

ఏదో ఒక పేరు చెప్పాను. నాది కాదు.

తిరుగు బస్సులో కూర్చున్నాక అర్థమైంది, అతని ఎదుట నిలబడి చెప్పే శక్తి నాకు ఎప్పటికీ రాదని. క్షమించమని ఇక్కడ అడగడం లేదు. క్షమించగలిగినవాడు ఇది చదవడు, చదివినా క్షమించనక్కర్లేదు. ఒకటి మాత్రం జరిగింది. అతను అడిగాడు, నేను వెళ్లమన్నాను. ఈ మాట ఇన్నేళ్లకు నా లోపలి నుంచి బయటికొచ్చింది. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ కొంచెం కూడా నాకు దక్కకూడనిదేమో.

మీ వల్ల అయ్యే పని ఒకటుంది. ఏదో ఒక కాలేజీ వేదిక మీద ఆ కుర్రాళ్లు ఆ పాట ఎత్తుకుంటారు. మీరు అక్కడుంటే చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడండి. నూకరాజు ఎవరినీ మోసం చెయ్యలేదని అందరికీ వినపడేలా చెప్పండి. పాట ఆపించండి.