తొమ్మిది వందల తొంభై నాలుగు

భావనపాడులో కొండబాబు ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఆయన సముద్రం మీద చేపల వేటకు వెళ్తూ చిలక్కొయ్యకు తగిలించిన తువ్వాలును, తిరిగొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. నోటితో అంటేనే జరిగిపోతుందని భయం.

ఏడేళ్ళప్పుడు హేమ మొహం తుడుచుకుందామని ఆ తువ్వాలు లాగింది. తల్లి కూర్మమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. కూతుర్ని ఆవిడ కొట్టింది ఆ ఒక్కసారే. ఆ రోజు పడవ పొద్దుగూకేదాకా రాలేదు. తువ్వాలును మళ్ళీ కొయ్యకు వేసి, జారిపోతుందేమోనని అంతసేపూ ఆ పిల్ల దాన్ని పట్టుకునే నిలబడింది.

ఆ పిల్లే పెద్దదై విమానం నడిపింది. ఆమె సైకిలు తొక్కితే ఎగాదిగా చూసినవాళ్ళంతా ‘మా హేమ’ అనడం మొదలెట్టారు. లోకం తీరే అంత. కొండబాబు మాత్రం గొప్పలు చెప్పుకోలేదు. వేటకు వెళ్ళేముందు ఫోన్ చేసి, “అమ్మా, గాలి ఒత్తిడి ఎంతున్నాదే?” అని అడిగేవాడు. ఆమె చెప్పిన అంకె బాగుంటే పడవ దింపేవాడు. టీవీ కంటే కూతురి అంకె మీదే ఆయనకు గురి.

మొన్న నవంబరులో కూడా అలాగే అడిగాడు. “బాగానే ఉన్నాది నాన్నా, ఎల్లు,” అంది హేమ. మర్నాటికి సముద్రం మీద వాయుగుండం బలిసింది. పడవ రాలేదు. ఫోన్ పలకలేదు.

ఆ ఉదయం ఆమె విశాఖ నుంచి హైదరాబాదుకు విమానం నడపాలి. మనసు బాగాలేదని ఒక్క మాట చెబితే ఆమెతోపాటు నడిపే కెప్టెన్ ఉమాశంకర్ ఆమెను ఇంటికి పంపేవాడు. చెప్పలేదు. దాచడం దేనికి, తప్పు అక్కడే మొదలైంది.

విమానంలో ఎత్తు చూపే ఆల్టీమీటరు గాలి ఒత్తిడిని బట్టి లెక్క కడుతుంది. బయల్దేరేటప్పుడు ఆ ఊరి ఒత్తిడి అందులో పెట్టాలి. పైకి లేచి ఒక ఎత్తు దాటాక ఆ అంకెను వదిలేసి, అన్ని విమానాలకూ ఒకటే అయిన వెయ్యిన్నీ పదమూడుకు మారాలి. లేకపోతే ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారో కొలత కుదరదు. చిన్న నాబ్, వేలితో అయిపోయే పని.

ఆ రోజు విశాఖ అంకె తొమ్మిది వందల తొంభై నాలుగు. హేమ చెయ్యి నాబ్ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ అంకె కింద ఎక్కడో నాన్న పడవ ఉంది. దాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు. ఒక్క నిమిషం ఉండనీ అనుకుంది. ఇంతలో మబ్బు తప్పించుకోవాల్సి వచ్చింది. ఉమాశంకర్ రేడియోలో దారి అడుగుతున్నాడు. అంకె మార్చమని చెప్పాల్సింది విమానం నడుపుతున్న హేమే. ఆమె చెప్పలేదు, ఆయన చూసుకోలేదు.

పదమూడు వేల అడుగుల దగ్గర ఆగామనుకున్నారు. నిజానికి అయిదు వందల అడుగులు పైకి పోయారు. పద్నాలుగు వేలలో ఇంకో విమానం ఎదురొస్తోంది. దిగమంటూ హెచ్చరిక మోగింది. విమానాన్ని కిందికి వంచుతుంటే, మబ్బు సందులోంచి అవతలి విమానం పొట్ట నెత్తిమీదుగా దాటింది.

ఎవరికీ ఏమీ కాలేదు. హైదరాబాదులో దిగి ఫోన్ తెరిస్తే కూర్మమ్మ గొంతు. “నువ్వు ఫోనాపేసిన పావుగంటకే మీ నాన్న వచ్చీసినాడే. టీ తాగతన్నాడు.”

హేమ అక్కడే కూలబడి ఏడ్చింది.

“రిపోర్టులో మరిచిపోయామని రాద్దాం హేమా. మరుపు మానవ సహజం కదా,” అన్నాడు ఉమాశంకర్. ఆమె వినలేదు. ‘మరిచిపోలేదు, మార్చలేకపోయాను’ అని రాసిచ్చింది. నిజం నిష్ఠూరం. విచారణ తేలేదాకా విమానం ఎక్కొద్దన్నారు.

ఇంటికొచ్చి తండ్రికి అంతా చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే.

“రెండు ఇమానాల్లోనీ కలిపి ఎంతమందమ్మా?”

“మూడొందల పైనే నాన్నా.”

కొండబాబు లేచి, కొయ్య మీది తువ్వాలు తీసి కూతురి ఒళ్ళో పెట్టాడు. “నేను ఏటకెల్లినన్నాళ్ళూ నీ సెయ్యి ఆడదు. ఇంక ఎల్లను. నువ్వు నీ పని సూసుకో.” పదమూడో ఏట సముద్రంలోకి దిగిన మనిషి ఆయన. ఎవరెంత చెప్పినా వినకుండా మర్నాడే పడవను తమ్ముడికి ఇచ్చేశాడు.

ఎనిమిది రోజులకు కంపెనీ ఉత్తరం వచ్చింది. హేమను ఉద్యోగంలోంచి తీసేశారు. పడవ వెనక్కి అడగమని కూర్మమ్మ పోరింది. ఇచ్చిన చేత్తో ఎలా అడుగుతానన్నాడు కొండబాబు.

ఇప్పుడు పొద్దున్నే తండ్రీ కూతురూ ఒడ్డున కూర్చుంటున్నారు. నిన్న ఆయన అలవాటు కొద్దీ అడిగాడు.

“ఎంతున్నాదమ్మా ఇయ్యాల?”

హేమ ఫోన్ తీసి చూసింది. “వెయ్యిన్నీ పదమూడు.”

“ఏటకి మంచిరోజే,” అన్నాడు కొండబాబు. తమ్ముడి పడవ అప్పటికే అల దాటింది.