ముందుగా చూడకూడని ముఖం

నన్ను ఇబ్రహీంపట్నం దవాఖానకు కంటి డాక్టరుగా వేసినప్పుడు పట్నంలోని మా వాళ్లలో ఒక్కరూ సంతోషించలేదు. పెళ్లయిన ఏడాదికే భర్త పోయిన పిల్ల చదువుకోవడమే ఎక్కువ, కత్తి పట్టి పరాయివాళ్ల కళ్లు కోయడం మరీ ఎక్కువని వాళ్ల ఉద్దేశం. నైజాం సర్కారుకు ఆ పట్టింపు లేదు. దవాఖాన వెనక రెండు గదులిచ్చింది. ఒకదాంట్లో వండుకునేదాన్ని, ఇంకోదాంట్లో తిని పడుకునేదాన్ని. మాట్లాడాలంటే రోగులే దిక్కు. వాళ్లకు కంటి గొడవ తప్ప వేరే మాట ఉండేది కాదు.

ఒకసారి బొంగులూరు నుంచి ఒక పటేలు తన తల్లిని బండిలో తీసుకొచ్చాడు. ముసలమ్మకు రెండు కళ్లకూ పొర కమ్మింది. గట్టి మనిషి, కత్తి అంటే బెదరలేదు. ముందు ఒక కంటికి చేసి, కన్ను కదలకుండా రెండు కళ్లకూ పట్టీ కట్టి దవాఖానలోనే పడుకోబెట్టాను. వారం దాకా నేను తప్ప ఎవరూ ఆ పట్టీని ముట్టుకోవద్దని కొడుకుకూ కోడలికీ విడమరిచి చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఆ తలూపడాన్ని నేను నమ్మాను చూడండి, అదీ నా తెలివి.

ఆదివారం పొద్దున ముసలమ్మ కన్ను పోటెత్తుతోందని మూలిగింది. వెళ్లి చూస్తే పట్టీ ముడి మారి ఉంది. నేనెప్పుడూ ఎడమ కణత మీద ముడి వేస్తాను, అది కుడి వైపుకు వచ్చింది. గుడ్డ మీద పసుపు వేళ్ల మరకలున్నాయి. లోపల కన్నంతా చీము పట్టింది.

సంగతి దవాఖాన ఆయా చెప్పింది. పట్టీ విప్పగానే ముసలమ్మ కంట పడేది బొట్టు లేని నా ముఖమే కదా, అది అరిష్టమట. అందుకని శుక్రవారం మంచిరోజని, నేను రాకముందే కోడలు పట్టీ విప్పి, పసుపు కుంకుమలతో అత్త ఎదుట నిలబడి, మళ్లీ కట్టేసింది. ఆ ముసలమ్మ కూడా భర్త పోయినావిడే. అది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ కన్ను పోయింది. డాక్టరమ్మ చేతి వల్లే పోయిందని పటేలు తహసీలులో అర్జీ పెట్టాడు. కబురు ఊళ్లన్నీ తిరిగింది. దవాఖాన అరుగు మీద కూర్చునేవాళ్లు లేకుండా పోయారు. వండిన అన్నం సగం ఆయాకు ఇచ్చేసేదాన్ని.

విచారణకు పట్నం నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. పసుపు మరకల సంగతి చెప్పాను. ఆ గుడ్డ ఏదని అడిగాడు. చీము అంటిన గుడ్డను అదే రోజు కాల్చేయడం మా పద్ధతి, ఆయనే మాకు నేర్పిన పద్ధతి. కాల్పించేశానని చెబితే నా వంక అదోలా చూశాడు. ఆయాను అడిగితే, పటేలుకు భయపడి తనకేమీ తెలియదంది. చివరికి ముసలమ్మనే అడిగాడు, పట్టీ ఎవరు విప్పారని. కోడలు పక్కనే నిలబడి ఉంది.

"నా కండ్లు కట్టేసి ఉండె సారూ. ఎవలు ఇప్పిన్రో నేనేం సూస్త?" అంది ముసలమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె రేపు ఆ కోడలి చేతి కూడే తినాలన్నది కోపం చల్లారాక గానీ తట్టలేదు. ఇంకొక్క అర్జీ వస్తే నౌకరీ ఊడుతుందని చెప్పి పెద్ద డాక్టరు వెళ్లిపోయాడు. నౌకరీ ఊడడమంటే అన్నయ్య ఇంట్లో పొయ్యి ముందుకు చేరడం, ఎవరైనా శుభానికి బయల్దేరితే తలుపు చాటుకు తప్పుకోవడం.

చలికాలంలో ముసలమ్మ మళ్లీ వచ్చింది, రెండో కన్ను చేయమని. పట్నం పంపేయమని కంపౌండరు నా చెవిలో పోరు పెట్టాడు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"పట్నంల నాకెవలున్నరు? నువ్వే చెయ్యి" అంది.

నా నౌకరీ ఆ ఒక్క కంటి మీద ఉందని తెలిసీ చేశాను. ఈసారి ఎవరినీ నమ్మలేదు. ఆమె మంచం పక్కనే కుర్చీ వేసుకుని వారమంతా కాపలా కూర్చున్నాను. భోజనం కూడా అక్కడే. ఆమె తన పొలాల సంగతి, పోయిన బిడ్డల సంగతి చెబుతూ ఉండేది. ఆ ఊరికి వచ్చాక ఒకరి పక్కన కూర్చుని తిన్నది ఆ వారమే.

పట్టీ విప్పే రోజు కొడుకూ కోడలూ తయారై నిలబడ్డారు. కోడలి చేతిలో కుంకుమ భరిణె ఉంది.

"మీరు జర బయటికి పోండ్రి" అంది ముసలమ్మ. వాళ్లు వెళ్లేదాకా ఆగి, నా చెయ్యి తడిమి పట్టుకుంది. "గప్పుడు నీ దిక్కు మాట్లాడకపోతి బిడ్డా. ఇయ్యాల ముందుగాల నిన్నే సూస్త."

ఎడమ కణత మీది ముడి విప్పాను. చూపు ఆనడానికి మందపాటి కళ్లద్దం ఆమె కంటికి ఎదురుగా పట్టాను. నా ముఖం వంకే చాలాసేపు చూసింది.

"సిన్నపిల్లవే గదనే," అంది. "నన్ను సుత పెండ్లిండ్ల ముందట నిలవడనియ్యరు. మనల మనం సూసుకుంటె ఏమైతది?"

నేను ఏడ్చాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, ఆ తర్వాతే కోడలిని పిలిచింది.

సాయంత్రం బండి కట్టుకుని వెళ్లిపోయారు. ఖాళీ మంచం పక్కన కుర్చీని వెంటనే తీయబుద్ధి కాలేదు. ఆమె కన్ను చక్కగా బాగైందని తర్వాత విన్నాను. బాగైనవాళ్లకు దవాఖానతో పనేముంటుంది? ఆమె మళ్లీ రాలేదు.